పక్కింటావిడ ఓడిన ఎన్నిక

డిట్రాయిట్ శివారులో మేమున్న చిన్న ఊరికి సిటీ కౌన్సిల్ సభ్యులు ఏడుగురు. 1983 నాటికి వాళ్ళు రెండు జట్లుగా చీలిపోయారు. ఒక జట్టుకి పెద్ద బార్టన్ అనే బిల్డరు. రెండో జట్టుకి హెలెన్ నోవాక్, రిటైరైన టీచరు. కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసే మా దామోదర్‌కి ఆవిడ పక్కింటావిడ. అతని భార్య ప్రమోదకి డ్రైవింగ్ నేర్పింది ఆవిడే.

అప్పటికి తెలుగువాళ్ళం నలభై కుటుంబాలం. సిటిజన్‌షిప్ వచ్చి ఓట్లు చేతికొచ్చాయి. పండగలకి ఒక హాలు కట్టుకోవాలని మా కోరిక. దానికి కౌన్సిల్ అనుమతి కావాలి. బార్టన్ దామోదర్‌ని లంచ్‌కి పిలిచాడు.

"మీవాళ్ళ ఓట్లు మా జట్టుకి వేయించండి. హాలు సంగతి నాకొదిలేయండి. ప్లానింగ్ కమిషన్‌లో మీకో సీటు కూడా ఇప్పిస్తాను."

హాలు మాట దామోదర్ మాకు చెప్పాడు. సీటు మాట చెప్పలేదు.

"మరి హెలెన్‌కి ఏం చెప్తారు?" అంది ప్రమోద.

"చెప్పాల్సిన పనేముంది? బ్యాలెట్ సీక్రెట్ కదా!"

బార్టన్ జట్టుకి ఓటెయ్యమని ఇంటింటికీ ఫోన్ చేశాడు. నవంబరులో హెలెన్ ముప్పై ఒక్క ఓట్లతో ఓడిపోయింది. జనవరిలో, ఊళ్ళో కట్టడాల అర్జీలు చూసే ప్లానింగ్ కమిషన్‌లో దామోదర్‌కి సీటొచ్చింది; ఇంజనీరని ఇచ్చారనుకున్నాం.

మార్చిలో మా అర్జీ కౌన్సిల్ ముందుకొచ్చింది. ట్రాఫిక్ పెరుగుతుందని హాలు రాబోయే వీధివాళ్ళు గొడవ చేశారు. బార్టన్‌కి వాళ్ళ ఓట్లూ కావాలి. "వాయిదా వేద్దాం" అన్నాడు, దామోదర్ వైపు చూడకుండా. ముందు వరసలో కూచున్న దామోదర్ చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. వెనక నుంచి హెలెన్ లేచి మైకు దగ్గరికి నడిచింది.

"వీళ్ళ పిల్లలు నా పెరట్లో ఆడుకుని పెరిగారు. హాలు కట్టుకోనివ్వండి."

అయినా నాలుగు-మూడు ఓట్లతో అర్జీ వాయిదా పడింది.

పార్కింగ్‌లో దామోదర్ ఆవిడ వెనకే పరిగెత్తాడు. "హెలెన్, ఎలక్షన్లో నేను..."

"తెలుసు. మీవాళ్ళలో ఒకాయన అప్పుడే ఫోన్ చేసి సారీ చెప్పాడు. నువ్వూ చెప్తావేమోనని నాలుగు నెలలు చూశాను" అని కారెక్కేసింది.

దామోదర్ కమిషన్‌కి రాజీనామా చేశాడు. ఆ ఆదివారం మమ్మల్ని ఇంటికి పిలిచి, తల ఎత్తకుండా, ఆ సీటు మా ఓట్లకి బదులుగా వచ్చిందని బయటపెట్టాడు. అతన్నొక్కణ్ణే ఏమని తప్పుపడతాం? ఓట్లు వేసింది మేమే కదా.

హాలు 1987లో పక్క ఊళ్ళో కట్టుకున్నాం. ప్రారంభానికి హెలెన్‌ని పిలవమంటే, "నా వల్ల కాదు" అన్నాడు దామోదర్. ప్రమోద వెళ్ళి పిలిచింది. ఆవిడ వచ్చి, అందరితో కలిసి భోంచేసింది. దామోదర్ ఆ పూటంతా వెనక వంటగదిలో గిన్నెలు కడుగుతూ ఉండిపోయాడు.