మోటారు కాడ ఫోను

పుత్తూరు దగ్గర చేలో ఇల్లు కట్టుకున్నప్పుడు మా ఇంటికి కరెంటు లేదు. పక్క చేని అక్క వాళ్ళ మోటారుకు మాత్రం ఉండేది. సెల్లుఫోన్లు వచ్చినాక మా అల్లుడు తలకాయలో లైటుండే చిన్న ఫోనొకటి కొనిచ్చినాడు. అప్పటినుంచి అన్నం తినేటప్పుడూ, దూడను కట్టేసేటప్పుడూ ఆ లైటే. కిరసనాయిలు బాగా మిగిలేది. దేవుడి ముందర నూనెదీపం ఒక్కటే మానలేదు. ఇంత వెలుగిచ్చినందుకు స్వామికి రోజూ దండం పెట్టుకునేదాన్ని.

వెలుగు వాడుకుంటే మాట తగ్గిపోతుందని మాత్రం నిదానంగా తెలిసొచ్చింది. ఛార్జీ పెట్టాలంటే అక్క వాళ్ళ మోటారు షెడ్డుకే పోవాల.

నా కూతురి రెండో కాన్పు చిత్తూరులో, వాళ్ళ అత్తగారింటి కాడ. ఒకనాడు పొద్దున్నే అల్లుడు ఫోన్ చేసినాడు. "అత్తమ్మా, నొప్పులొస్తే ఆస్పత్రికి తెచ్చినాము. కొంచెం కష్టమంటాండారు..." అంటుండగానే ఫోను ఆరిపోయింది.

ఫోను చేతిలో పట్టుకొని ఏడుపందుకున్నా.

"ఏమైంది మే?" అనింది మా అత్త.

"ఛార్జీ అయిపోయింది అత్తా."

"దానికెందుకు ఏడుస్తావు? చిత్తూరికి బస్సు ఛార్జీ నా కొంగున కట్టుకోనుండా. తీసుకొని పో!"

అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. బస్సేమో మధ్యాహ్నం దాటితేగానీ లేదు. ఫోనూ తీగా పట్టుకొని పక్క చేనికి ఉరికినా.

ఆ వారం సేద్యం కరెంటు పగటిపూట. అక్క మోటారు వేసి వేరుశనగకు నీళ్ళు కడతాండాది. షెడ్డులో ఫోను తగిలించి, "గోవిందా" అనుకుంటా కూర్చున్నా. కాసేపటికి మోగింది. మోటారు రొదలో ఒక్క ముక్కా వినపడలేదు. తీగ పీకితే మళ్ళీ ఆరిపోతుందేమోనని భయం.

"అమ్మి ఎట్లుండాది నాయనా?" అని అరిచినా.

అది విని అక్క పార పడేసి పరిగెత్తుకొచ్చి, ఎర్ర బటను నొక్కి మోటారు ఆపేసింది. ఉండేదే కొన్ని గంటల కరెంటు.

"నీళ్ళు ఆగిపోతాయి కదక్కా!"

"ఆగనీ మే. ముందు బిడ్డ సంగతి విను."

ఆ నిశ్శబ్దంలో అల్లుడి గొంతు తేటగా వినపడింది. "ఆడబిడ్డ అత్తమ్మా. ఇద్దరూ బాగుండారు."

అక్క చేతులు కళ్ళకద్దుకున్నా. ఆమె మళ్ళీ మోటారు వేసింది. పార నేను తీసుకొని, బస్సు వేళయ్యేదాకా కాలవ మడవలు తిప్పి నీళ్ళు కట్టినా. మోకాళ్ళ దాకా బురద. అప్పుడు గుర్తొచ్చింది, ఇంటి కాడ అత్తకు చెప్పనేలేదని. గట్టెక్కి కేకేసినా.

"ఆడబిడ్డంట అత్తా! ఇద్దరూ బాగుండారంట!"

"ఎవరి పోలికంట?" అని ఆడినుంచే అరిచింది మా అత్త.