డప్పుకి హెయిర్ డ్రయ్యర్ పెట్టిన శుక్రవారం

ఆ రోజుల్లో నా లెక్కలో పాట అంటే కుళాయి నీళ్లలాంటిది. ఫోన్లో నొక్కితే వస్తుంది, మేడమ్ కేకేస్తే ఆగిపోతుంది. దాని వెనకాల ఒక మనిషి నిలబడి చెమటలు కక్కి ఉంటాడని నాకెప్పుడూ తట్టలేదు. గోదావరి జిల్లా నుంచి బహ్రెయిన్ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఈసా టౌన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంటా, ఇల్లు తుడవడమూ నా పని. నాకు ఇరవై రెండేళ్లే గానీ నా నోటికి నలభై ఉంటాయని మా అమ్మ అనేది (ఆవిడ నోటి వయసు అడిగే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేదు). వారమంతా ఎదురుచూసిన శుక్రవారం సెలవు కాస్తా వచ్చేసరికి మేడమ్, "మా తమ్ముడి స్టూడియోలో ఇవాళ మీ భాషవాళ్లెవరో పాడతారట, నువ్వెళ్లి వాళ్లకి టీ, నీళ్లు చూడు, యల్లా, తొందరగా!" అంది. నా సెలవు గంగలో కలిసిందని, స్టూడియో ఉన్న అద్లియా వెళ్లేదాకా కారులో మూతి ముడుచుకునే కూర్చున్నాను. డ్రైవరు పాపం ఏసీ ఎక్కువైందేమోనని రెండుసార్లు తగ్గించాడు.

ఆ స్టూడియో ఒక ఆడవాళ్ల సెలూన్ మీద, మొదటి అంతస్తులో ఉండేది. మెట్లెక్కి చూస్తే నలుగురు మగాళ్లు ఇస్త్రీ చొక్కాలేసుకుని, పెళ్లిచూపులకి వచ్చినట్టు వరసగా కింద కూర్చున్నారు. ఒకాయన ఒళ్లో డప్పు ఉంది. గోడకి మాత్రం ఒక్కరూ ఆనుకోలేదు. "ఆనుకుని కూర్చోండన్నా, నడుం నొప్పెడుతుంది" అన్నాను. "వద్దు చెల్లె, ఈ గోడ మేం కట్టినదే. నూనె మరకలైతయి" అన్నాడు వాళ్లలో పెద్దాయన. ఆయన మేస్త్రి, నిజామాబాద్ వైపు మనిషి. మిగతావాళ్లందరూ ఆయన్ని పెద్దన్న అంటుంటే నేనూ అదే అన్నాను. డప్పాయన డప్పన్న, మిగిలిన ఇద్దరూ ఒకరు పొడుగు, ఒకరు పొట్టి కాబట్టి వాళ్లకి పేర్లు వెతుక్కునే పని లేకపోయింది. ఈ స్టూడియో కట్టేటప్పుడు వీళ్లు పాడుకుంటూ పనిచేస్తుంటే మేడమ్ తమ్ముడు విని ముచ్చటపడి, ఒక శుక్రవారం సాయంత్రం దాకా ఉచితంగా వాడుకోమన్నాడట. "దుబాయికచ్చి పన్నెండేండ్లాయె, గిసుంటి మర్యాద ఎన్నడు జూడలే" అన్నాడు పెద్దన్న. నేను కంగారుపడి కిటికీలోంచి బయటికి చూశాను, మనం ఉన్నది బహ్రెయిన్ కదా అని. (వాళ్లవైపు గల్ఫ్ దేశాలన్నీ దుబాయేనని నాకు తర్వాత తెలిసింది.)

నేను టీ పెడుతుంటే పొట్టన్న వెనకాలే వచ్చి, మెల్లిగా, "అందరికి చాయ్ బొయ్యి చెల్లె, పెద్దన్నకు ఉడుకు నీళ్లే ఇయ్యి" అన్నాడు. ఎందుకని అడిగాను. "గొంతుల గడ్డయింది. వచ్చే వారం ఆపరేషన్. అటెన్క గొంతు గిట్లనే ఉంటదో, మారుతదో డాక్టరు గూడ జెప్తలేడు. ఎక్కువ పాడద్దన్నడు. ఒక్క పాట రికార్డు జేస్కోని పోతా అంటున్నడు, అందుకే ఇయ్యాల అచ్చినం." ఆ మాట విన్నాక నా సెలవు సంగతి నాకు మళ్లీ గుర్తు రాలేదు. పంచదార డబ్బా పక్కన పెట్టి, పెద్దన్నకి విడిగా నీళ్లు కాచి ఫ్లాస్కులో పోశాను.

రికార్డు చేసే ఆయన మలయాళీ. అందరూ సౌండ్ భాయ్ అనేవారు. మంచివాడే గానీ ఆయన లోకమంతా అద్దానికి ఇవతల, మిషన్ల దగ్గర ఉంటుంది. ఆయన పద్ధతి ప్రకారం ఒక్కొక్కరే లోపలికి వెళ్లాలి. ముందు డప్పు, తర్వాత పాట, ఆ తర్వాత వంతపాట. అన్నీ తను కంప్యూటర్లో కలిపేస్తాడట. అన్నం, పప్పు, చారు వేరువేరుగా వండి కంచంలో కలుపుకోమా, అదీ అలాంటిదేనేమో అనుకున్నాను. డప్పన్న లోపలికి వెళ్లాడు. మిషన్లకి వేడి పడదని లోపల ఏసీ ఐసు పెట్టెలా ఉంది. డప్పు మీద కర్ర పడితే తడిసిన అట్ట మీద కొట్టినట్టు మొద్దుగా వినిపించింది. డప్పన్న బయటికొచ్చి, "చర్మం సల్లవడ్డది భాయ్, కాపాలె. జర మంట వెడ్తవా?" అన్నాడు. సౌండ్ భాయ్ కుర్చీలోంచి లేచిపోయాడు. "మంటా! ఇక్కడా! భాయ్, ఖలాస్, నా ఉద్యోగం ఖలాస్!"

డప్పు గడ్డి మంట దగ్గర కాగితేనే మోగుతుందని మా ఊళ్లో నేనూ చూశాను. మరి స్టూడియోలో గడ్డి ఎక్కడ తెస్తాం? నాకు కింద సెలూన్ గుర్తొచ్చింది. పరిగెత్తుకెళ్లి అక్కడి ఫిలిప్పీన్స్ అమ్మాయిని హెయిర్ డ్రయ్యర్ అడిగాను. ఎవరి జుట్టుకని అడిగింది. అంత వివరం చెప్పే ఇంగ్లీషు నా దగ్గర లేక, "మై బ్రదర్" అన్నాను. ఏమనుకుందో, తనూ నా వెనకాలే పైకొచ్చింది. వచ్చి చూస్తే డప్పన్నది గుండు (ఇది నేను ముందు ఆలోచించలేదు). ఆ గుండాయన డప్పుని ఒళ్లో పెట్టుకుని, చంటిపిల్లకి తలంటి ఆరబెట్టినట్టు ఓపిగ్గా తిప్పుతూ గాలి పడుతుంటే, ఆ పిల్ల గుమ్మంలోనే కూలబడి నవ్వింది. మేమూ నవ్వాం. పెద్దన్న మాత్రం గొంతు మీద చెయ్యి పెట్టుకుని, చప్పుడు రాకుండా నవ్వాడు.

డప్పు పనైంది. తర్వాత పెద్దన్న వంతు. చెవులకి పెద్ద పెద్ద డిప్పలు తగిలించి, గాజు గదిలో ఒక్కడినే నిలబెట్టారు. ఎర్ర లైటు వెలిగింది. ఆయన ఎత్తుకున్నాడు చూడండి, "గోడ మీద గోడ గడ్తి ఓ పిల్లా, నీడ లేక నిన్ను దల్సితీ..." అని, నా ఒళ్లు జలదరించింది. అక్కడితో ఆగిపోయాడు. సౌండ్ భాయ్ చెయ్యి తిప్పి, పాడు పాడు అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే ఆగాడు. మరచిపోయాడేమో అనుకుంటే అది కాదు. ఆ పాటలో తను ఒక మాట అనగానే వంతవాళ్లు "ఎవలను దల్సితివి అన్నా?" అని ఆటపట్టిస్తూ అడగాలి, దానికి ఆయన జవాబు చెప్పాలి. చిన్నప్పటి నుంచీ అలాగే పాడాడు. "వాళ్ల గొంతులు తర్వాత కలుపుతాను భాయ్, నువ్వు పాడుతూ పో" అని సౌండ్ భాయ్ బతిమాలాడు. పెద్దన్న తల అడ్డంగా ఊపాడు. "అడిగేటోడే లేకపాయె, నేనెవలికి జెప్పాలె?" అన్నాడు. ఆ మాట అనేసరికే గొంతు బొంగురుపోయింది. పొడుగన్న అద్దానికి ముఖం ఆనించి, "ఇంకొక్కపారి కంటే పాడలేడు భాయ్" అన్నాడు. సౌండ్ భాయ్ మిషన్‌ని మళ్లీ మొదటికి తిప్పాడు.

నేను ఉడుకు నీళ్ల ఫ్లాస్కు పట్టుకుని లోపలికి వెళ్లాను. ఆయన రెండు గుక్కలు తాగాడు. నేను బయటికి వచ్చేలోపే ఎర్ర లైటు మళ్లీ వెలిగింది. కదిలితే చప్పుడవుతుందని ఫ్లాస్కుని గుండెలకి హత్తుకుని, ఊపిరి బిగబట్టి గోడకి అతుక్కుపోయాను. ఆయన పాడాడు. ఆ మాట దగ్గరికి వచ్చాడు. ఆగాడు. ఆయన కళ్లు ఎవరికోసమో గది అంతా వెతికాయి. నేను పన్నెండేళ్లప్పటి నుంచీ ఊడ్పుల్లో వంగిన దాన్ని. మడిలో ముందు మనిషి పాట ఎత్తుకుంటే వెనక వరస అందుకుని తీరాలి. అందుకోకపోతే మా మేనత్త నారు కట్ట తీసి వీపున కొట్టేది. ఆ భయం ఎక్కడికి పోతుంది? నా ప్రమేయం లేకుండా నోరు తెరుచుకుని, "ఎవర్ని తలిచావేంటన్నా?" అని గోదావరి యాసలో గట్టిగా అడిగేసింది.

చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. అద్దం అవతల సౌండ్ భాయ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. పెద్దన్న నా వైపు తిరిగాడు. ముఖం వెలిగిపోయింది. "నా ఇంటిదాన్నే దల్సితి చెల్లే..." అని రాగంలోనే జవాబిచ్చి, ఇక ఆగలేదు. చెవి డిప్పలు తీసి మెడలో వేసుకుని, అద్దం వైపు చెయ్యెత్తి రమ్మన్నాడు. పొడుగన్న, పొట్టన్న, డప్పన్న తలుపు తోసుకుని వచ్చేశారు. సౌండ్ భాయ్‌కి ఏం తోచిందో, డప్పు మళ్లీ చల్లబడకుండా లోపలి ఏసీ ఆపేశాడు, మిషన్ మాత్రం ఆపలేదు. ఐదుగురం ఆ అగ్గిపెట్టె గదిలో చెమటలు కారుస్తూ, ఒకే మైకు చుట్టూ నిలబడి, ఆయన ఒకటంటే మేం ఒకటి అడుగుతూ పాట చివరిదాకా పాడాం. నాకు పాట రాదు. అయినా అడగడం వచ్చు కదా! పాట అయిపోయాక పెద్దన్న కింద కూర్చుండిపోయి, తను కట్టిన గోడకి మొదటిసారి వీపు ఆనించాడు. సౌండ్ భాయ్ కళ్లు తుడుచుకుంటూ చెమట అన్నాడు. ఆయనున్న గదిలో ఏసీ బాగానే ఉంది మరి.

ఆపరేషన్ అయింది, మనిషి బాగున్నాడు. గొంతు మాత్రం తిరిగి రాలేదు. మాట గాలిలా వస్తుంది, దగ్గరగా ఉంటేనే వినపడుతుంది. ఆయన ఊరెళ్లిపోయాడు. నాకు పెళ్లయి, మా ఆయనతో ఇక్కడే బహ్రెయిన్‌లో, జిదాఫ్స్‌లో కాపురం. మొన్న పెద్దన్న ఫోన్ చేశాడు. ఊళ్లో ఏ వేడుకైనా మైకులో ఆ పాటే వేస్తారట. "మరి నీకు బాధగా ఉండదా అన్నా?" అని అడిగేశాను (నోటికి ఇప్పటికీ బుద్ధి రాలేదు). ఆయన ఆ గాలి గొంతుతోనే నవ్వాడు. "బాధెందుకు చెల్లె? పాడెటోడు మైకుల ఉన్నడు గదా. నేను జనంల గూసోని, ఎవలను దల్సితివి అన్నా అని అడుగుతున్న. నా ఇంటిది పక్కపొంటి గూసోని సిగ్గువడ్తది."

ఫోన్ పెట్టేశాక వంటింట్లో ఆ పాట పెట్టుకున్నాను. వంతల్లో అందరికంటే ముందు, తాళానికి అర అడుగు తొందరపడి, ఒక ఆడగొంతు అడుగుతుంది. ఎంత తొందరమ్మా నీకు, అని ఆ ఇరవై రెండేళ్ల పిల్లని ప్రతిసారీ తిట్టుకుంటాను. తిట్టుకుంటూనే, చేతిలో గరిటెతో, దానికంటే ముందు నేనే అడిగేస్తాను.