పాలవెల్లికి కట్టిన పంపరపనస

మొన్న బందరు రైతుబజారులో ఒకమ్మాయి పంపరపనస కాయ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కూర వండుకునేదాండీ?" అని నన్నడిగింది. ఎవరిని కదిలించిందో పాపం ఆ పిల్లకి తెలియదు. సంచీ కింద పెట్టి, తొక్క ఒలవడం దగ్గర్నుంచి తొన మీద పొర తీయడం దాకా అంతా చెప్పాను. మధ్యలో రెండుసార్లు వాచీ చూసుకుంది. నేను ఆపలేదు. పంపరపనస గురించి మాట్లాడే హక్కు ఈ చుట్టుపక్కల నాకున్నంత ఎవరికీ లేదని నా నమ్మకం.

తొంభైల్లో నేను గుడివాడ నుంచి బంటుమిల్లి దగ్గర ఊరికి కోడలిగా వెళ్ళాను. పుట్టింట్లో తిన్న కాయ గింజ మొలకెత్తితే, ఆ మొక్కని పాత డబ్బాలో పెట్టి బస్సులో ఒళ్ళో ఉంచుకుని తీసుకెళ్ళాను. మావయ్యగారు చూసి, "ఈ చవుడు నేలలో తుమ్మ తప్ప ఏదీ బతకదమ్మా" అన్నారు. ఆయన వరి రైతు. ఆయన దృష్టిలో చెట్టంటే పైరు మీద నీడ వేసే శత్రువు. మొక్క మాత్రం బతికింది. ఆరేళ్ళు ఏపుగా పెరిగింది గాని, ఆకులూ ముళ్ళూ తప్ప ఒక్క పువ్వు పూస్తే ఒట్టు. ఆ ముళ్ళకి ఆయన పంచెలు రెండు చిరిగాయి. చెట్టు కొట్టేసి అక్కడ మోటారు సైకిలుకి షెడ్డు వేయిద్దామన్నారు.

అప్పుడు అత్తయ్యగారు అడ్డుపడ్డారు. కాయని చెట్టుని బెదిరించడం మా వైపు ఆనవాయితీ. ఒకరు గొడ్డలి ఎత్తి నరికేస్తానంటారు, ఇంకొకరు వద్దని బతిమాలతారు. చెట్టు భయపడి కాస్తుందట. ఆవిడ పక్కింటి గొడ్డలి అడిగి తెచ్చి మావయ్యగారి చేతికిచ్చి, నన్ను చెట్టు పక్కన నిలబెట్టారు. "కాయని చెట్టు నాకెందుకు, నరికేస్తా" అన్నారాయన. నేను నవ్వాపుకుంటూ, "వద్దండీ మావయ్యగారూ! వచ్చే వినాయకచవితికి పాలవెల్లికి దీని కాయే కడదాం. పూచీ నాది" అన్నాను. గోడవతల పక్కింటివాళ్ళంతా విన్నారు. ఆయన నవ్వలేదు. "సరేనమ్మా, చవితి దాకా చూస్తాను" అని, గొడ్డలి తిరిగి ఇవ్వకుండా వరండాలో గోడకి ఆనించారు. అది ఆయనకి ఆట కాదని అప్పుడు తెలిసింది.

ఏడాది పొడవునా ఆ గొడ్డలి పక్కనుంచే బిందెలు మోశాను. చెట్టు మొదట్లో తెల్లగా పొక్కిన ఉప్పు చూశాక గాని నా బుర్రకి వెలగలేదు; ఆరేళ్ళూ ఉప్పటి బోరు నీళ్ళే పోశాం. అది మానేసి కాలవ నీళ్ళు, బియ్యం కడుగు పోశాను. కాలవ మట్టి గంపలతో తెచ్చి పాదు ఎత్తు చేశాను. మాఘం వెళ్ళాక ఒక పొద్దున పెరటి తలుపు తీసేసరికి గుప్పున వాసన. కొమ్మల నిండా తెల్లటి పూలు. అక్కడే నిలబడి ఏడ్చేశాను. పిందెలు నాలుగు నిలిచాయి, వేసవి గాడ్పుకి మూడు రాలాయి. మిగిలిన ఒక్క కాయకి ఒకరోజు చిరుగు పంచె ఉయ్యాలలా కట్టి ఉంది. ఎవరు కట్టారని అడిగితే అత్తయ్యగారు మావయ్యగారి వైపు చూశారు. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

చవితినాడు ఆ కాయ ఆయనే కోసి పాలవెల్లికి కట్టారు. ఆ బరువుకి పాలవెల్లి ఓ పక్కకి ఒరిగి, మొక్కజొన్న కండెలూ వెలగకాయలూ రెండో పక్క పైకి లేచాయి. "తీసి కింద పెట్టండి, వినాయకుడి నెత్తిన పడుతుంది" అన్నారు అత్తయ్యగారు.

"ఏం పడదు. మా కోడలు మాటిచ్చింది, అక్కడే ఉండాలి" అన్నారాయన.

మర్నాడు కోశాం. తొనలు గులాబీ రంగులో ముద్దొచ్చేలా ఉన్నాయి గాని, నిజం చెప్పొద్దూ, పులుపు, చివర్న కాస్త చేదు. మావయ్యగారు ఒక కన్ను మూసుకుని నమిలి, "తేనె" అన్నారు. తరవాత సగం కాయ ఒక చేత్తో, గొడ్డలి ఇంకో చేత్తో పట్టుకుని పక్కింటికి బయల్దేరారు. గోడవతల నుంచి ఆయన గొంతు వినపడింది. "మా కోడలు కాయించిందండీ, తినండి. ఇదిగో మీ గొడ్డలి."

నా జీవితంలో అంత గర్వం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. ఇప్పుడు మావయ్యగారు లేరు, చెట్టుంది. ఆ రోజు గొడ్డలి ముందు నిలబడి నేనడిగింది ఒక్క ఏడాది. పాతికేళ్ళయింది, గడువు తీరిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.