నల్లబల్ల మీది క్షేమం

మొన్న మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక పిలుపు వచ్చింది. నిజామాబాదులో మేం చదువుకున్న మెథడిస్టు మిషన్ స్కూలు వార్షికోత్సవానికి ప్రత్యేక సంచిక వేస్తున్నారట, తలా ఒక పేజీ జ్ఞాపకాలు రాసి పంపాలట, అందులోనూ తీపి జ్ఞాపకాలే కావాలట, ఎవరి మనసూ నొచ్చుకునే మాటలు ఉండకూడదట. అరవై ఐదేళ్ళు నిండి, మోకాళ్ళకు తైలం రాసుకుంటూ కూర్చున్న మనుషులకు ఏది గుర్తుపెట్టుకోవాలో, ఏది మరిచిపోవాలో కూడా చెబుతున్నారన్నమాట. ఆ పిలుపు కింద పూలగుత్తులు, దండాలు పెట్టే చేతుల బొమ్మలు బారులు తీరాయి. రిటైరైన ఇంజనీరొకాయన ఆ డిసిప్లిన్ వల్లనే తాను ఇంతవాడినయ్యానని రాశాడు. ఇంతవాడంటే ఎంతవాడో గ్రూపులో అందరికీ తెలుసు, అయినా తలా ఒక చప్పట్ల బొమ్మ పెట్టారు.

పిలుపు పెట్టింది నా పక్క బెంచీ స్నేహితురాలే. ఊళ్ళో బట్టల కొట్టు వాళ్ళ అమ్మాయి, డే స్కాలర్. నాలుగింటికి గంట కొట్టగానే సంచీ భుజాన వేసుకుని ఇంటికి పోయి, వాళ్ళమ్మ చేతి వేడి రొట్టె తినేది. ఆమెకు ఆ స్కూలు తియ్యగానే ఉంటుంది మరి, కాదనను. నాలుగు తర్వాత గేటు లోపల ఏం జరిగేదో తెలిసింది బోర్డింగు పిల్లలకే.

మాది బోధన్ పక్క పల్లె, చెరుకు రైతులం. ఇంగ్లీషు చదువు మీద మా బాపుకు ఎంత మోజంటే, ఏడో తరగతిలో నన్నూ మూడో తరగతిలో మా చెల్లెల్నీ తీసుకొచ్చి ఆ బోర్డింగులో వదిలి, గేటు బయటికి పోయాక కూడా చెప్పులు చేతిలోనే పట్టుకుని నడిచాడు, అంత భక్తి. ఆ భక్తికి తగిన బడా అది? పైన పటారం, లోన లొటారం. బిషప్పుగారు వచ్చేరోజున మంచాల మీద కుట్టుపూల దుప్పట్లు పరిచేవాళ్ళు, ఆయన కారు గేటు దాటగానే వాటిని మడిచి పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్ళు. మాకు మిగిలేవి పురుగులు తేలే పప్పుచారు, పొద్దున్నా సాయంత్రం ప్రార్థన, చలికాలంలోనూ చన్నీళ్ళు. చర్చి వాకిట్లో ప్రేమ గురించి ఏదో రాతి మీద చెక్కించి పెట్టారు. దాని కిందనే మమ్మల్ని మోకాళ్ళ మీద నిలబెట్టేవాళ్ళు.

అయినా ఇవన్నీ మన కాలంలో ఏ హాస్టల్లోనైనా ఉన్నవే, మీరూ తినే ఉంటారు ఆ చారు. నేను క్షమించలేనిది ఆదివారం ఉత్తరం. చర్చి అయిపోగానే మమ్మల్నందరినీ హాల్లో వరుసగా కూర్చోబెట్టి తలా ఒక పోస్టుకార్డు ఇచ్చేవాళ్ళు. బోర్డింగు పిల్లల్ని చూసుకునే మేట్రనమ్మ నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలతో రాసేది: ప్రియమైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది, దేవుని కృప వలన నేను ఇక్కడ క్షేమము, భోజనము బాగుగా ఉన్నది, చదువు బాగుగా సాగుచున్నది, మీరు నా గురించి చింతింపవలదు. అంతే, దాన్ని చూసి దించడమే. అందరి ఇళ్ళకూ ప్రతి వారం అదే ఉత్తరం. బాపును నాన్నగారు అని నేను నోటితో ఏనాడూ పిలవలేదు. మా ఊరి పోస్టుమాను ఆ మాట చదివినప్పుడల్లా బాపు సిగ్గుపడి నవ్వేవాడని అవ్వ, అంటే మా అమ్మ, చెప్పేది.

నా దస్తూరీ బాగుంటుందని నన్ను ఉత్తరాల లీడరును చేశారు. జడకు ఎర్ర రిబ్బను. చిన్నపిల్లల కార్డులు నేనే రాసిపెట్టాలి, పెద్దపిల్లల కార్డులు చదివి, నల్లబల్ల మీద లేని మాట ఎవరైనా కలిపితే మేట్రనమ్మకు చూపించాలి. చూపించేదాన్ని. చారులో పురుగుల గురించి రాసిన ఒక పిల్లకు నా వల్లనే అరచేతులు వాచాయి. ఆ రిబ్బను కట్టుకుని వరుసల మధ్య ఎంత మిడిసిపడుతూ తిరిగానో తలచుకుంటే, థూ, ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మేం చేరిన ఏడే, చలి మొదలయ్యాక మా చెల్లెలికి చెవి పోటు వచ్చింది. రెండు మూడు రోజులకే చీము కారడం, దిండంతా వాసన. మేట్రనమ్మ గోరువెచ్చని నూనె చుక్కలు వేసి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, పిల్లల చెవులు కారుతూనే ఉంటాయిలే అని వెళ్ళిపోయింది. రిక్షా ఎక్కిస్తే పావుగంటలో పెద్దాసుపత్రి. ఆ పావుగంట ఆమెకు దొరకలేదు. ఆదివారం కార్డు రాయడానికి నేను కూర్చోగానే చెల్లెలు నా పక్కకు జరిగి, గుసగుసగా, "అక్కా, చెవు నొస్తుందని రాయే, బాపు అస్తడు" అంది.

రాశాను. అబద్ధం చెప్పను, ఒకసారి రాశాను, కార్డు అడుగున చిన్న అక్షరాలతో. మేట్రనమ్మ చదివి, దాన్ని నా ముందే నాలుగు ముక్కలు చేసి, పెద్దవాళ్ళను కంగారుపెట్టడం పాపమనీ, బడికి చెడ్డపేరు తెచ్చే పిల్లలకు రిబ్బను దేనికనీ అంది. నేను ఇంకో కార్డు తీసుకున్నాను. చెల్లెలు కూడా క్షేమము అని రాశాను. ఆ మాట నల్లబల్ల మీద లేదు. నా అంతట నేనే కలిపాను, ఆమె మెప్పు కోసం.

సోమవారం నా ముఖం చూసి బట్టల కొట్టు అమ్మాయి సంగతంతా రాబట్టింది. "రాసి నాకియ్యవే, నేను బయట పోస్టుడబ్బల ఏస్త. ఎవలకు తెలుస్తది?" అని తన నోటుబుక్కులోంచి కాగితం కూడా చింపి చేతిలో పెట్టింది. డే స్కాలర్ల చేతికి ఉత్తరమిస్తే రిబ్బను పోవడం ఖాయం. ఆ కాగితాన్ని మడిచి ఆమెకే తిరిగిచ్చేశాను. ఆ సంగతి తలచుకుంటే ఆ మేట్రనమ్మ కన్నా నేనేం ఎక్కువ అనిపిస్తుంది.

నెలకోసారి తల్లిదండ్రులు వచ్చి చూడవచ్చు. కానీ అది చెరుకు సీజను, ఫ్యాక్టరీ గేటు ముందు మైలు పొడుగున ఎడ్లబండ్లు వరుసలో ఉంటాయి, వంతు విడిచి కదిలితే చెరుకు ఎండి తూకం పోతుంది. అవ్వ ఒంటరిగా బస్సెక్కి ఎరగదు. బాపు బండి కిందనే వండుకుని, అక్కడే పడుకుని, మా కార్డులను ఊరివాళ్ళ చేత తెప్పించుకుని, తోటి బండ్లవాళ్ళ చేత చదివించుకుని, పిల్లలు మంచిగున్నరు అని నిశ్చింతగా ఉన్నాడు. అట్లా ఐదారు ఆదివారాలు గడిచాయి.

క్రిస్మస్ సెలవులకు తీసుకుపోవడానికి బాపు వచ్చాడు. చెల్లెలు వాకిట్లో అటు తిరిగి కూర్చుని ఉంది. బాపు పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. దగ్గరికి పోయి భుజం తడితే గానీ ఆ పిల్ల తిరగలేదు, తిరిగాక బాపును చూసి ఎంత సంతోషపడిందో! అక్కడినుంచి తిన్నగా ఆసుపత్రికే పోయాం. ఒక చెవి పూర్తిగా పోయిందనీ, రెండోదీ నిలవదనీ, నెల ముందు తెస్తే ఏమైనా చేసేవాడిననీ డాక్టరు తిట్టాడు. బాపు మళ్ళీ బడికి వెళ్ళి మేట్రనమ్మను నిలదీస్తాడనుకున్నాను. ఆమె దేవుని చిత్తమంటే ఆ పిచ్చిమనిషి ఆమెకు చేతులు జోడించి వచ్చాడు! బస్టాండులో మాత్రం అంగీ జేబులోంచి మా కార్డులన్నీ తీసి, చదవడం రాకపోయినా ఒక్కొక్కటే చూసుకుంటూ, "మంచిగున్నమని రాసినవ్ గద బిడ్డా. నేను నమ్మిన" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

చెల్లెలి చదువు ఆ రోజుతో సరి. నేను మాత్రం సిగ్గులేకుండా అదే బడిలో పది పాసయ్యాను, ఆ చదువుతోనే ఆదిలాబాదులో సర్కారు కొలువు సంపాదించాను. అక్కడినుంచి ఇంటికి నెలనెలా ఉత్తరం రాసేదాన్ని, నిజాలే రాసేదాన్ని. బాపు వాటిని ఎవరిచేతా చదివించుకోలేదు. అతికించిన కవరు అతికించినట్టే జేబులో పెట్టుకుని, రెండు బస్సులు మారి, చెరుకు సీజనైనా సరే వంతు విడిచిపెట్టి, నా గది ముందుకొచ్చి నిలబడేవాడు. కవరు నా చేతికిచ్చి, "నువ్వే సదువు బిడ్డా, నీ మొకం సూస్కుంట ఇంట" అనేవాడు. నేను చదివేదాన్ని. విన్నాక చాయ్ తాగి, మళ్ళీ బస్సెక్కి పోయేవాడు. ఆయన చనిపోయేదాకా అంతే, నా రాతను నమ్మలేదు.

ఇప్పుడు కార్డులు లేవు, వాటిని చింపే మేట్రన్లూ లేరనుకుంటాను. హాస్టల్ పిల్లల చేతుల్లోనే ఫోన్లు. బాగున్నావా అంటే బాగున్నాం అని క్షణంలో బొటనవేలు బొమ్మ వస్తుంది, ఇటువైపు వాళ్ళూ అంత తొందరగానే నమ్మేసి పనిలో పడతారు. మా చెల్లెలితో అది కుదరదు. ఫోన్ చేస్తే వినపడదు, మెసేజీ పెడదామంటే అక్షరాలు మూడో తరగతితోనే ఆగిపోయాయి. అందుకని నెలకోసారి, మోకాళ్ళు ఎంత తిట్టుకున్నా, బోధన్ బస్సెక్కుతాను. నేను వాకిట్లోకి వచ్చిన చప్పుడు ఆమెకు తెలియదు. వెనకనుంచి వెళ్ళి భుజం తడతాను.