శుక్రవారం లంగరు

మీరు ఓబుళరెడ్డిని ఒక్కసారైనా చూసి తీరాలి. రోడ్డు కాంట్రాక్టుల్లో సంపాదించి, గండికోట రిజర్వాయరులో తిప్పడానికి చిన్న తెరచాప పడవ కొన్నాడు. ఈత రాదు, గాలి ఎటు వీస్తుందో తెలియదు, నల్ల కళ్లద్దాలు మాత్రం నీళ్ల మీద కూడా తీయడు. ఉన్న లంగరు చిన్నదని పాతసామాన్లవాడికి ఇచ్చేసి, చెన్నై నుంచి పదిహేను కిలోల కొత్త లంగరు, దానికి తళతళలాడే గొలుసు తెప్పించాడు. రోజూ దాన్ని నెలల బిడ్డ మూతి తుడిచినట్టు టవలుతో తుడుస్తాడు. నిమ్మకాయలు కట్టాడు, కుంకుమ పెట్టాడు, నీళ్లలో మాత్రం ఇంకా వేయలేదు.

మొన్న మంగళవారం గాలి లేచి, ఆ పడవ మహాదేవి వల మీదికి కొట్టుకుపోయింది. బుట్టలాంటి గుండ్రటి పుట్టిలో తిరిగి చేపలు పట్టుకునే మహాదేవికి ఉన్నది ఆ ఒక్క వలే. "లంగరు ఎయ్యి రెడ్డప్పా, నా వల పోతాండాది" అని అరిచింది.

"మంగళారం పూట కొత్తది ఎట్ల వాడతాం మే? శుక్రారం పూజ ఉండాది" అన్నాడాయన, లంగరును ఒళ్లో పెట్టుకుని.

వల చిరిగింది. పడవ రాళ్లకేసి పోతుంటే మళ్లీ మహాదేవే పుట్టి అడ్డం తెచ్చి, పుట్టిని నిలపడానికి తను వాడే గుండురాయి తాడును పడవ ముక్కుకు కట్టి ఆపింది. ఓబుళరెడ్డి కళ్లద్దాలు సర్దుకుని, "తాడు రాసుకోని పెయింటు పోతాండాది, కొంచెం సూసి కట్టు" అన్నాడు.

గాలి తగ్గలేదు. ముడి ఇంకా మహాదేవి వేళ్ల కిందే ఉంది. ఆమె చోట మీరుంటే ఏం చేసేవాళ్లు?