హాజరు మాస్టారి ఇరవై ఒక్క తప్పులు

హాజరు మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఆఫీసులో ప్రోగ్రాం మొరాయిస్తే చాలు, బడిలోలా హాజరు పిలుస్తారు. మనుషులకు కాదు, లైబ్రరీలకు! లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, ఒకరు రాసిపెడితే అందరూ వాడుకునే ప్రోగ్రాం మూట. దాని తరఫున రాసినవాళ్లు లేచి “ఉన్నాను సార్” అనాలి.

ఉద్యోగం మానేసినవాళ్లనూ వదలరు. ఓసారి రిటైరైన పెద్దాయనకు ఫోన్ చేసి మరీ అనిపించారు. పాపం ఆయన పళ్లు కట్టించుకుంటూ “ఉవ్వావు” అన్నాడట. మాస్టారు దానికీ టిక్కు పెట్టుకున్నారు. ఇక తను రాసినవాటికైతే తనే పిలిచి, తనే లేచి, గొంతు మార్చి పలుకుతారు.

కొత్తమ్మాయికి ఇదంతా భలే నవ్వులాటగా ఉండేది, ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద మేనేజర్ సంతకం పెట్టాల్సిన రోజు వరకూ. ఆరోజే ఆమె తన మొదటి లైబ్రరీ చేర్చింది. ఆసుపత్రికి నాలుగింటికల్లా ప్రోగ్రాం పంపాలి. రెండింటికి ప్రోగ్రాం ఆగిపోయి తెరలన్నీ ఎర్రబడ్డాయి.

“ఎవరి నిర్వాకం ఇది?” మేనేజర్ ఊగిపోయాడు. ఆయన రూలు ఒకటుంది. ఏ ఫైలు మారిస్తే బాగుపడుతుందో, ఆ ఫైలు రాసినవాళ్లదే తప్పు. గోడమీది పట్టికలో వాళ్ల పేరు ఎక్కుతుంది.

మాస్టారు తాపీగా కళ్లజోడు తుడుచుకున్నారు.

“తేదీలు లెక్కకట్టేది?”

“ఉన్నాను సార్.”

“బొమ్మలు గీసేది?”

“ఉన్నాను.”

“పాత ఫైళ్ల చెత్త ఊడ్చేది?”

“ఉన్నాను సార్!” గొంతులు రెండు వినిపించాయి. ఒకటి కొత్తమ్మాయిది, రెండోది మాస్టారి మారుగొంతు. ఇద్దరూ తమ తమ లైబ్రరీలకు ఒకే పేరు పెట్టారు. దేన్ని పిలవాలో తెలియక కంప్యూటర్ చేతులెత్తేసింది.

“అమ్మాయిదాని పేరు మార్చెయ్యండి, నిమిషం పని” అన్నాడు మేనేజర్.

“పసిదాన్ని ఎందుకు కదిలించడం సార్? నాది ముసలిది, అదే పేరు మార్చుకుని సర్దుకుంటుంది” అన్నారు మాస్టారు.

“మాస్టారూ, నాదాని పేరు ఒక్కచోటే ఉంది. మీదాని పేరు నూట నలభై చోట్ల మార్చాలి!”

“అయితే కబుర్లెందుకు తల్లీ? ఆ చోట్లు ఒక్కోటీ చదువు, నేను మారుస్తా.”

ఆమె చదివింది, ఆయన మార్చారు. అరవై దాటాక హాలంతా చుట్టూ మూగి లెక్కపెట్టింది. నాలుగింటికి పది నిమిషాలుండగా తెరలన్నీ పచ్చబడ్డాయి. ఆఫీసు దద్దరిల్లింది. ఎవరో బల్ల ఎక్కి గెంతారు.

మేనేజర్ మాత్రం పెన్ను తీసి పట్టిక దగ్గరికి నడిచాడు. “మళ్లీ మీరే! ఈ ఏడాది మీవి ఇరవై తప్పులయ్యాయి. ఏమండీ, మీకు పని రాదా?”

కొత్తమ్మాయి పట్టిక చూసింది. పైనుంచి కింద దాకా ఆయన పేరే. అందరూ లేచి పలికే సందట్లో తప్పు ఎవరిదో ఎవరికీ పట్టేది కాదు; ఆయన తన ఫైలే మార్చుకుని పేరెక్కించుకునేవారు. ఈ మనిషి ఏనాడూ ‘ఎవరు చేశారు’ అని అడగలేదు, ‘ఉన్నారా’ అనే అడిగారు. ఆమెకు గుండె నిండిపోయింది. “సార్, అసలు తప్పు...” అంటూ లేచింది.

మాస్టారు అడ్డుపడ్డారు. “ఇరవై ఒకటి సార్. ఒకటి రాయడం మరిచారు.”

“ఏది?”

“మొన్న ఎండాకాలంలో ఆదివారం పూట తమరే వచ్చి ఓ లైబ్రరీ పెట్టి వెళ్లారు చూడండి. దానిదీ నాదానిదీ ఒకే పేరు. సోమవారం పొద్దున్నే నాదాని పేరు మార్చాను.”

మేనేజర్ రెండుసార్లు దగ్గాడు. పట్టికను గోడ మీంచి పీకి, నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. అదే పెన్నుతో కొత్తమ్మాయి కాగితం మీద, చదవనైనా చదవకుండా, సంతకం గీకేశాడు.