చలికి వదిలేయాల్సిన దుంపలు

మా అక్కకి పెద్ద తులిప్పులంటే అసహ్యం. "అవి పెళ్లి మండపానికి పనికొస్తాయి. ఒక్క ఏడాది కులికి చస్తాయి," అనేది. ఆమె మనసు పడ్డది కొండల్లో వాటంతటవే పుట్టే చిన్న జాతి మీద. అరచేతి ఎత్తు, బయట ఎరుపు, లోపల తెలుపు. ఎండ పడితే విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటాయి. ఆ అక్టోబరులో, అక్కావాళ్లు ఉండే షాంటిలీలో, డాక్టరు అక్క జబ్బుకి మందులు ఇక పనిచేయడం లేదని, వసంతం దాకా ఉండొచ్చని చెప్పింది. అక్క ఇంటికి తిరిగొస్తూ కారులోనే దుంపలు ఆర్డర్ చేసింది. ఆ పూలు చూసి పోవాలి, ఇంకేమీ అడగను అంది.

నేను ఉద్యోగం చేసే ఇర్వింగ్ నుంచి లాప్‌టాప్ పట్టుకుని వచ్చాను. అక్క ఇంటి బయట చెక్కల డెక్ మీద శాలువా కప్పుకుని కూర్చుని తిడుతుంటే నేను నాటాను. వెల్లుల్లి రెబ్బంత దుంపలు. కొన్ని ఇంటి ముందు పూలమడిలో, మిగిలినవి ఇసుక కలిపిన మట్టితో కుండీల్లో. "మొన పైకి పెట్టవే మొద్దూ. మాస్టర్స్ చేశావు, పైకేదో కిందికేదో తెలీదా?" అంది. మడిలోవాటిని వారం తిరక్కుండా ఉడతలు తవ్వుకుని తినేశాయి. కుండీలే మిగిలాయి. వాటి గురించి అక్క నా ఎదురుగానే బావకి చెప్పింది. "వింటర్ అంతా ఇవి బయటే ఉండాలి. చలి తగిలితేనే పూస్తాయి. మీరు వీటి జోలికి వెళ్లకండి."

బావ తల ఊపారు. మెత్తని మనిషి. ఆ మెత్తదనం చూస్తే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. ఆయనకి ఒక కరివేపాకు మొక్క ఉండేది. ఏళ్ల తరబడి పెంచి మనిషెత్తు చేశారు. చుట్టుపక్కల మనవాళ్లందరికీ పోపులోకి ఆకు అక్కడి నుంచే. అక్కడ మనవాళ్ల ఇళ్లన్నింట్లో మంచు పడే ముందు జరిగే తంతు ఒకటే. కరివేపాకు, తులసి, మల్లె కుండీలు లోపలికి మోసుకొచ్చి, లైట్లు పెట్టి, బియ్యం కడిగిన నీళ్లు పోసి, చంటిపిల్లల్లా సాకుతారు.

మధ్యలో ఆఫీసు పని మీద ఇర్వింగ్ వెళ్లి, నేను జనవరిలో తిరిగొచ్చాను. అప్పటికి అక్క మేడ మీద గదిలోంచి కదలడం లేదు. కింద వంటింటి పక్కన, హీటర్ గాలి తగిలే చోట, కరివేపాకు పక్కనే తులిప్ కుండీలన్నీ కొలువు తీరి ఉన్నాయి. ఆకులు పాలిపోయి, గడ్డిపోచల్లా సాగి వాలిపోయాయి.

"బయట ఫ్రీజింగ్ కదమ్మా," అన్నారు బావ. "మట్టి రాయిలా అయిపోయింది. పాపం, ప్రాణం ఒప్పలేదు. మీ అక్కకి చెప్పకు."

"ఇక ఇవి పూయవు బావా," అన్నాను. ఆయన సింకు దగ్గర నిలబడి ఏడ్చారు. నేను ఓదార్చలేదు. ఓదార్చాలని అనిపించలేదు కూడా.

మార్చి నెలాఖరులో ఎండ బాగా కాసిన రోజు అక్క పట్టుబట్టి కిందికి దిగింది. మెట్టు మెట్టుకీ ఆగింది. కుండీలు చూసింది. ఒక్క మొగ్గ లేదు.

"ఎవరు లోపల పెట్టింది?"

"నేనే," అన్నారు బావ. "చచ్చిపోతాయేమోనని."

"చచ్చేది నేనండీ, అవి కాదు." అక్క గొంతు పెంచలేదు. "పెళ్లయినప్పటి నుంచీ మీ జాలితోనే నన్ను చంపారు. జాబ్‌కి వెళ్తానంటే అలిసిపోతావన్నారు. హైవే ఎక్కుతానంటే డేంజర్ అన్నారు. ఇప్పుడు నేను అడిగింది ఒక్క పువ్వు. దాన్నీ మిగల్చలేదు. ఇక నాకు మీ మొహం చూపించకండి."

కోపంలో అన్న మాటనుకున్నాను. కాదు. ఆ రోజు నుంచి బావ గదిలోకి వస్తే గోడ వైపు తిరిగిపోయేది. మంచినీళ్లు నా చేత్తో ఇస్తేనే తాగేది. బావ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, కాసేపయ్యాక దించేసి వెళ్లేవారు. చివరికి నేనే చూడలేక, ఒక్కసారి పిలవవే అని బతిమాలాను. "అంత జాలైతే నువ్వూ పో," అంది. ఏప్రిల్‌లో పోయింది. పిలవలేదు.

మరుసటి ఏడాది సంవత్సరీకానికి వెళ్లాను. డెక్ మీద బావ కొత్తగా నాటిన కుండీలు ఉన్నాయి. అక్క చెప్పినట్టే వింటర్ అంతా బయట వదిలేశారట. పూశాయి, ఎర్రగా, అరచేతి ఎత్తున, ఎండకి నోళ్లు తెరుచుకుని. వాటి పక్కనే ఇంకో కుండీలో మనిషెత్తు నల్లటి పుల్ల. అది కరివేపాకని గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది.

"దీన్నెందుకు బయట వదిలేశారు బావా?"

"ఏది లోపల పెట్టాలో, ఏది బయట ఉంచాలో నాకు తెలీదమ్మా. అడుగుదామంటే మీ అక్క మాట్లాడలేదుగా."

తర్వాత గిన్నెలో తెచ్చిన బియ్యం కడిగిన నీళ్లు ఆ పుల్ల మొదలు దగ్గర పోసి, లోపలికి వెళ్లిపోయారు.